వినబడింది

"కళ్ళు మూసుకుని కూర్చోడానిక్కూడా క్లాసా?" అన్నాడు అంకారావు భార్యతో, పెసరట్టు తుంచి అల్లప్పచ్చడిలో అద్దుకుంటూ.

నాగజ్యోతి అట్లకాడ అందుకుంది. పెనం మీద ఇంకో అట్టు కాలుతోంది. నూనె డబ్బాకి ఆనించిన ఫోన్‌లో స్కూలు గ్రూపు మెసేజ్ ఇంకా వెలుగుతూనే ఉంది. కరోనా సమయంలో మానసిక ఆరోగ్యం కోసం లేడీ టీచర్లందరికీ రోజూ మధ్యాహ్నం మూడు గంటలకి ఇరవై నిమిషాలు ఆన్‌లైన్‌లో మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు. హాజరు తప్పనిసరి. హాజరైనట్టు స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాలి. పోయిన వారం ఇదే గ్రూపులో ప్రిన్సిపాల్ పేరు పెట్టి మరీ రాశాడు: "నాగజ్యోతి మేడమ్, మీ క్లాసులో కుక్కర్ విజిల్ వినిపిస్తోందని పేరెంట్స్ కంప్లైంట్ చేస్తున్నారు." దాని కింద పదకొండు మంది లైకు బొటనవేళ్ళు పెట్టారు.

వసారాలో మంచం మీద కూర్చున్న అత్తగారు హనుమాయమ్మకి ఈ మాటలన్నీ చెవిన పడుతూనే ఉన్నాయి. డెబ్బై రెండేళ్ళొచ్చినా ఆవిడ గొంతు మాత్రం మిరప చేలో ఈ చివర నుంచి ఆ చివర ఉన్న కూలీల్ని కేకేసిన గొంతే.

"ఏమే జ్యోతీ, ఊపిరి పీల్చుకోడం నేర్పుతారంటగా? మరి ఇన్నేళ్ళూ నువ్వు పీలుస్తుంది ఏందే?"

అంకారావు నవ్వాడు. ఇంటర్ చదువుతున్న కూతురు దీప్తి ఫోన్‌లోంచి తలెత్తకుండానే నవ్వింది. నాగజ్యోతి కూడా నవ్వింది. ఈ ఇంట్లో తన మీద వేసిన జోకుకి ముందు తనే నవ్వేస్తే ఆ విషయం తొందరగా అయిపోతుందని ఆమె పెళ్ళయిన మొదటి ఏడాదే నేర్చుకుంది.

గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆమె లెక్కల టీచరు. కరోనాకి ముందు, ఇల్లున్న ప్రత్తిపాడు నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేది. ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ముప్పావుగంటే రోజు మొత్తంలో ఎవరూ పిలవని సమయం. కరోనా వచ్చి ఆ బస్సు కూడా లేకుండా పోయింది. "ఇంట్లోనే ఉంటున్నావుగా" అన్న మాట మొదలైంది. ఇంట్లోనే ఉంటున్నావుగా, ఆ మాగాయ కూడా పెట్టెయ్యరాదూ అంది అత్తగారు. ఇంట్లోనే ఉంటున్నారుగా, నైన్త్ వాళ్ళ రివిజన్ కూడా చూడండి అన్నాడు ప్రిన్సిపాల్. ఇంట్లోనే ఉంటున్నావుగా, మధ్యాహ్నం ఏదన్నా వేడిగా చెయ్యి అన్నాడు అంకారావు. మిర్చి యార్డుకి సెలవులిచ్చాక ఆయనా ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయన్ని మాత్రం ఎవరూ ఆ మాట అనలేదు.

క్లాసుకి ఎక్కడ కూర్చోవాలన్నది పెద్ద సమస్య అయింది. హాల్లో కూలరూ టీవీ అంకారావువి. పడగ్గది దీప్తి ఆన్‌లైన్ కోచింగ్‌ది. వసారా, దాని పక్క గదీ అత్తగారివి. మిగిలింది వెనక గది. ఆ ఏడు కోల్డ్ స్టోరేజీలో చోటు దొరక్క మిర్చి బస్తాలు అక్కడ పేర్చారు. తలుపు తీస్తే ఘాటు ముక్కుపుటాలకి అంటుకుంటుంది, కళ్ళు మండుతాయి. అందుకే ఆ గదిలోకి ఎవరూ రారు. నాగజ్యోతి ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్ళి బస్తాల మధ్య వేసుకుంది.

క్లాసు చెప్పే ఆమె పేరు షారోన్. బ్రాడీపేటలోనే కౌన్సిలింగ్ క్లినిక్ నడుపుతుంది. మొదటిరోజు ఆమె "నిండుగా ఊపిరి పీల్చండి" అంటే నాగజ్యోతి నిండుగా పీల్చింది. పొలమారి, దగ్గి దగ్గి కళ్ళలో నీళ్ళొచ్చాయి. తెర మీద చిన్న గడిలో ఉన్న హిందీ టీచర్ అనీస్ నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వడం కనబడింది. క్లాసయ్యాక ఫోన్ చేసింది అనీస్.

"ఏంటి జ్యోతీ, కోవిడా?"

"కాదే. మిరపకాయలు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో నాగజ్యోతికి గుర్తు రాలేదు.

నాలుగోరోజో అయిదోరోజో షారోన్ అంది: "మీ భుజాలు ఎక్కడున్నాయో చూసుకోండి. చెవుల దగ్గరికి వెళ్ళిపోయి ఉంటాయి. మెల్లగా దించండి." నాగజ్యోతి చూసుకుంది. నిజమే. ఎవరో వెనక నుంచి పిలవబోతున్నట్టు భుజాలు బిగదీసుకుని ఉన్నాయి. దించింది. మెడ వెనక ఏదో సడలి, కారణమేమీ లేకుండానే కన్నీళ్ళు కారాయి. మిరప ఘాటు కాదు. కళ్ళు తుడుచుకుంటే వెంటనే సిగ్గేసింది. ఊళ్ళో రోజుకొకరు పోతున్నారు. వీధి చివర ఇంట్లో తండ్రీ కొడుకులిద్దరూ ఒకే వారంలో పోయారు. ఇలాంటప్పుడు తనకి భుజాలు తేలికపడటమేమిటి? సుఖపడటానికి ఇదా సమయం? అనుకుంది. అయినా మర్నాడు మూడు ఎప్పుడవుతుందా అని పొద్దున్నుంచీ గడియారం చూసుకుంది. ఒక ఆదివారం క్లాసు లేదు. ఎవరూ స్క్రీన్‌షాట్ అడగలేదు. అయినా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

మే నెల మొదటి వారంలో హనుమాయమ్మకి జ్వరం వచ్చింది. టెస్టులో పాజిటివ్. ఆశా కార్యకర్త వచ్చి మాత్రల కవరు గుమ్మంలో పెట్టి, నాలుగడుగుల దూరం నుంచి ఎలా వాడాలో చెప్పి వెళ్ళింది. అత్తగారి మంచాన్ని వసారా పక్క గదిలోకి మార్చారు. అంకారావు రెండు మాస్కులు పెట్టుకుని హాలు గుమ్మంలో నిలబడి అన్నాడు.

"నాకు షుగరుంది. నేను లోపలికొస్తే నాకంటుకుంటుంది. పిల్ల చూస్తే చిన్నది. నువ్వే చూసుకోవాలి జ్యోతీ."

నలభై ఒక్కేళ్ళ తనకి థైరాయిడ్ ఉందని ఆయనకి గుర్తు లేదు. ఆమె కూడా గుర్తు చెయ్యలేదు. వేణ్ణీళ్ళు, గంజి, మాత్రలు, దుప్పట్లు ఉతకడం, రోజుకి నాలుగుసార్లు వేలికి ఆక్సీమీటర్ తగిలించి అంకె చూడటం, ఆ అంకెని కనిగిరిలో ఉన్న పెద్దాడపడుచు సామ్రాజ్యానికి ఫోన్ చేసి చెప్పడం. ఇవి కాక పొద్దున రెండు క్లాసులు. పగలంతా "జ్యోతీ" అన్న కేక. నీళ్ళకి జ్యోతీ, ఫ్యాను తగ్గించడానికి జ్యోతీ, టైమెంతయిందో చెప్పడానికి జ్యోతీ.

అయితే జబ్బులో పడ్డాక హనుమాయమ్మ కొంచెం మారింది. ఒకరోజు గంజి తాగుతూ తాగుతూ ఆగి, "నువ్వు కూడా కాస్త కూకోవే. ఎప్పుడు చూసినా నిలబడే ఉంటావు," అంది. ఇంకోరోజు, "ఆ ఊపిరి కిటుకేదో నాకూ చెప్పవే," అంది. నాగజ్యోతి మంచానికి దూరంగా కుర్చీ లాక్కుని షారోన్ చెప్పినట్టే చెప్పింది. కళ్ళు మూసుకోండి అత్తయ్యా, గాలి ముక్కులోంచి లోపలికి పోతుంది చూడండి, మళ్ళీ బయటికొస్తుంది చూడండి. హనుమాయమ్మ బుద్ధిగా కళ్ళు మూసుకుంది. నిమిషం కాకముందే తెరిచేసింది.

"నావల్ల కాదే. కళ్ళు మూసుకుంటే మీ మావయ్య కనబడతన్నాడు. ఆడ కూడా పనులే చెబుతున్నాడు," అని దగ్గుతూ నవ్వింది. చనిపోయి పదేళ్ళయిన ఆ భర్త గురించి ఆవిడ ఒక మాటనడం నాగజ్యోతి వినడం అదే మొదటిసారి.

ఎనిమిదోరోజు. మధ్యాహ్నం రెండూ యాభైకి ఆక్సీమీటర్ తొంభై నాలుగు చూపించింది. పొద్దున తొంభై అయిదు. ఒక్క అంకేగా అనుకుంది. హాల్లో అంకారావు అన్నం తిని కూలర్ ముందు నడుం వాల్చాడు. దీప్తి పడగ్గది తలుపేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కోచింగ్ వింటోంది. నాగజ్యోతి వెనక గదిలోకెళ్ళి తలుపు దగ్గరికి వేసి, ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. రెండో చెవి అత్తగారి కోసం వదిలేయడం ఆమెకి అలవాటయింది.

"ఈరోజు మనం శబ్దాలని గమనిద్దాం," అంది షారోన్. "బయట ఏం వినబడుతున్నా రానివ్వండి. అది ఏమిటి, ఎందుకు అని ఆలోచించకండి. వచ్చింది, పోయింది. అంతే."

నాగజ్యోతి కళ్ళు మూసుకుంది. కూలర్ హోరు వచ్చింది. పెరట్లో పత్తికట్టె మోపు మీద కాకి గోళ్ళతో గీరుతున్న చప్పుడు వచ్చింది. దూరంగా రోడ్డు మీద ఏదో మోటారు సైకిలు వచ్చి పోయింది. వచ్చింది, పోయింది. లోపలంతా చల్లగా, ఖాళీగా అయింది.

"జ్యోతీ."

వచ్చింది. భుజాలు వాటంతటవే లేచాయి. ఆమె వాటిని దించింది. నీళ్ళకే అయి ఉంటుంది. చెంబు పక్కనే పెట్టాను. ఇంకెంత, పది నిమిషాలేగా.

"జ్యోతీ."

ఈసారి కాస్త గట్టిగా. పోనివ్వండి, అంటోంది షారోన్ ఇంకేదో శబ్దం గురించి. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి నాగజ్యోతి తన పేరు విని లేవలేదు. అంతేకాదు, లేవనందుకు ఆమెకి సంతోషం కలిగింది. కడుపులో ఎక్కడో మొదలై మెల్లగా గొంతుదాకా పాకిన సంతోషం. అది తనకే అంత స్పష్టంగా తెలిసింది.

మూడోసారి పేరు పూర్తిగా రాలేదు. "జ్యో" దగ్గరే ఆగిపోయింది. సరే, నిద్రపట్టి ఉంటుందిలే అనుకుంది.

క్లాసయ్యాక స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టి మరీ వెళ్ళింది. హనుమాయమ్మ మంచానికీ బాత్రూము గుమ్మానికీ మధ్య నేల మీద పక్కకి పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాలు నీలం తిరిగాయి. ఆక్సీమీటర్ వేలికి తగిలిస్తే డెబ్బై ఆరు.

అంబులెన్సు రావడానికి గంటన్నర పట్టింది. గుంటూరులో మూడు ఆసుపత్రులు తిరిగితే నాలుగోదాన్లో మంచం దొరికింది. ఆరోరోజు హనుమాయమ్మ పోయిందని ఫోన్ వచ్చింది. ఇంటికి తీసుకురానివ్వలేదు. అంకారావు, బాబాయి వరసయ్యే పాలివాడు యలమందయ్య, ఇద్దరే వెళ్ళి అక్కడే కానిచ్చి వచ్చారు. నాగజ్యోతి గేటు దగ్గర బకెట్టుతో నీళ్ళు పెట్టి నిలబడింది.

"నువ్వెక్కడున్నావు అప్పుడు?" అని మొదటగా అడిగింది ఫోన్‌లో సామ్రాజ్యం.

"వెనక గదిలో ఉన్నా వదినా. స్కూలు వాళ్ళ ధ్యానం క్లాసు. చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి. వినబడలా."

వినబడలా. అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. ఒక్కసారి అన్నాక ఇక అదే నిజమైపోయింది.

"మా అమ్మ ఊపిరందక కొట్టుకుంటుంటే నువ్వు ఊపిరి క్లాసు వింటున్నావా?" అంది సామ్రాజ్యం. ఫోన్ పెట్టేసింది.

అంకారావు పరామర్శకి వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. "నేను అన్నం తిని నిద్రపోయా. మా ఆవిడ చెవుల్లో అయ్యి పెట్టుకుని ధ్యానంలో ఉంది. అమ్మ అరిచి అరిచి పడిపోయింది." ఆయన గొంతులో కోపం ఉండేది కాదు. అదే ఆమెకి ఎక్కువ నొప్పి. క్షమించేసినవాడిలా, పెద్దమనసుతో చెప్పేవాడు. వచ్చినవాళ్ళు ఆమె వంక ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, టీ తాగి వెళ్ళేవాళ్ళు. ఆ టీ ఆమే పెట్టేది.

షారోన్ నుంచి రెండు మెసేజ్‌లు వచ్చాయి. జ్యోతిగారూ, రావడం లేదు, బాగున్నారా అని. నాగజ్యోతి జవాబివ్వలేదు. ఆవిణ్ణి తిట్టుకోవడానిక్కూడా వీల్లేదు. మొదటిరోజే చెప్పింది కదా, ఇంట్లో ఎవరికైనా అవసరమైతే లేచి వెళ్ళండి, అదేం తప్పు కాదు అని. అత్తగారిని తిట్టుకుందామంటే, "కాస్త కూకోవే" అన్న మాట గుర్తొచ్చేది. తప్పంతా వచ్చి తన దగ్గరే ఆగేది. పది నిమిషాల ముందు వెళ్ళి ఉంటే బతికేదా? డాక్టర్ని అడగొచ్చు. బతికేది కాదంటాడేమో. బతికేది అంటాడేమో. ఆ రెండో భయంతో ఎప్పుడూ అడగలేదు.

ఆ ఏడాదంతా ఆమె ఒక్కచోట కూర్చోలేకపోయింది. అన్నం నిలబడే తినేది. స్నానం చేస్తూ మధ్యలో కుళాయి కట్టేసి చెవులు రిక్కించేది. బళ్ళు తెరిచాక, క్లాసులో బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి "ఆఁ, వస్తున్నా" అనేది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. ఇంట్లో కూడా అంతే.

"అమ్మా, ఎవరూ పిలవలా నిన్ను," అనేది దీప్తి.

పిలవకపోయినా వెళ్ళేది. అంకారావు చెప్పులు వెతికిచ్చేది, ఆయన అడక్కముందే రెండోసారి టీ ఇచ్చేది. మామిడికాయ పచ్చడి నాలుగు రకాలూ పెట్టి రెండు జాడీలు కనిగిరి పంపింది. సామ్రాజ్యం ముట్టినట్టు ఫోన్ కూడా చెయ్యలేదు. ఇది నాకు తగినదే అనుకుంది. అంకారావుకి ఈ మార్పు బాగానే ఉన్నట్టుంది. "నువ్వు ఇప్పుడు కాస్త ఇంటి మీద ధ్యాస పెడుతున్నావు," అన్నాడొకసారి మెచ్చుకోలుగా.

అనీస్‌కి ఒక్కదానికే అనుమానం. స్కూల్లో భోజనాల వేళ, "ఒక్క చెవిలోనే పెట్టుకుంటానన్నావు కదా నువ్వు," అంది నెమ్మదిగా. నాగజ్యోతి క్యారేజీ మూత పెట్టేసి లేచిపోయింది. అనీస్ మళ్ళీ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి నాగజ్యోతి ఆమె పక్కన కూర్చోవడం తగ్గించింది.

సంవత్సరీకానికి సామ్రాజ్యం కనిగిరి నుంచి వచ్చింది. అంతకుముందు పదోరోజుకి కూడా కర్ఫ్యూ వల్ల రాలేకపోయింది. వచ్చి, అమ్మ ఫొటో ముందు కూలబడి చాలాసేపు ఏడ్చింది. నాగజ్యోతి మంచినీళ్ళు ఇవ్వబోతే చెయ్యి చాపకుండా, "అక్కడ పెట్టు," అంది.

భోజనాలు హాల్లో. మగవాళ్ళు మొదటి పంక్తి. యలమందయ్య, మరో ముగ్గురు దగ్గరి చుట్టాలు, అంకారావు. నాగజ్యోతి చెమటలు కారుతూ వడ్డిస్తోంది. సామ్రాజ్యం గోడకి ఆనుకుని కూర్చుంది.

"మీ అమ్మ ఆడమనిషి కాబట్టి అన్నాళ్ళు తట్టుకుంది. గట్టి పిండం," అన్నాడు యలమందయ్య పప్పు కలుపుకుంటూ.

"గట్టిదే బాబాయ్," అన్నాడు అంకారావు. "ఆఖర్న ఎంత పిలిచిందనుకున్నావు. జ్యోతీ, జ్యోతీ అని రెండుసార్లు. మూడోసారి నోరే పెగల్లా పాపం. 'జ్యో' అని సగంలో ఆగిపోయింది. అంతే, ఆ పడటం పడటం..."

నాగజ్యోతి చేతిలో పులుసు గిన్నె ఉంది. గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. మొదట ఆమెకి ఏమీ తెలియలేదు. అవును, అలాగే పిలిచింది అనుకుంది. తర్వాత తట్టింది. సగంలో ఆగిన ఆ మూడో పిలుపు గురించి తను ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే విన్నానని ఒప్పుకోవాలి. అనీస్‌కి కూడా చెప్పలేదు. అది తనకి తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదని ఏడాదిగా నమ్ముతోంది.

ఆమె గిన్నె కింద పెట్టింది.

"మీరు నిద్రపోతున్నారుగా?"

"ఏందీ?" అన్నాడు అంకారావు.

"మూడోసారి సగంలో ఆగిందని మీకెట్టా తెలుసు?"

అంకారావు చెయ్యి విస్తట్లో ఆగింది. "నువ్వే చెప్పుంటావు."

"నేనెవరికీ చెప్పలా. నాకసలు వినబడలేదనే చెప్పా." ఆపుకోవాలనుకుంది కానీ మాట ఆగలేదు. "అది అబద్ధం. ఒక చెవి ఖాళీగానే ఉంది. నాకు వినబడింది. మూడు పిలుపులూ వినబడ్డాయి. లేవలేదు. మీకూ వినబడింది."

యలమందయ్య ముద్ద విస్తట్లోనే వదిలేశాడు. అంకారావు మొహం ఎర్రబడింది.

"నన్ను పిలిచిందా? నిన్ను కదా పిలిచింది! నువ్వెళ్తావనుకున్నా. నాకు షుగరు, నేనెట్టా వెళ్తా లోపలికి? ఆడమనిషివి ఇంట్లో ఉండగా..." ఆయన చుట్టూ చూశాడు, ఎవరైనా అవునంటారేమో అన్నట్టు. ఎవరూ అనలేదు. "నా పేరు పిలవలా మా అమ్మ. ఒక్కసారన్నా నా పేరు పిలిస్తే వెళ్ళకపోదునా?"

ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన అబద్ధమాడటం లేదని నాగజ్యోతికి అర్థమైంది. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. కూలర్ ముందు పడుకుని, కళ్ళు తెరిచి, కన్నతల్లి పిలుపు విని, అది తన పని కాదనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఏడాది పాటు నిద్రపోయాననే చెప్పాడు, చెప్పి చెప్పి తనూ నమ్మాడు. ఆ పది నిమిషాల తర్వాత నాగజ్యోతికి ఒక్కరోజూ నిద్రపట్టలేదు. ఆయనకి పట్టింది.

ఆమె పెరట్లోకి వెళ్ళిపోయింది. బట్టలుతికే రాయి మీద కూర్చుంది. కాసేపటికి వెనక చప్పుడైంది. సామ్రాజ్యం వచ్చి ఎదురుగా నిలబడింది.

"నిజంగా విన్నావా?"

"విన్నా వదినా."

"మరి లేవలేదే?"

నాగజ్యోతి తలెత్తింది. నీళ్ళకనుకున్నా, అని చెప్పొచ్చు. అది నిజమే. కానీ మొత్తం నిజం కాదు.

"లేవాలనిపించలా. రోజంతా లేస్తానే ఉన్నా. ఆ ఒక్కసారి లేవకుండా ఉంటే ఎంత బాగుందో అనిపించింది. సంతోషమేసింది వదినా. ఆవిడ అక్కడ పడిపోయుంది. నాకిక్కడ సంతోషమేసింది. అదే నేను చెప్పలేకపోయింది."

సామ్రాజ్యం కొడుతుందేమో అనుకుంది. కొడితే బాగుండని కూడా అనుకుంది. ఆవిడ కొట్టలేదు. పక్కనున్న గోడ అంచు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

"నువ్వు రోజూ ఫోన్ చేసి అంకె చెప్పేదానివి," అంది. "తొంభై నాలుగు, తొంభై అయిదు అని. వస్తా అని ఒక్కరోజూ అనలేదు నేను. మా అత్తగారికి మోకాళ్ళు, ఇల్లొదిలితే కుదరదన్నారు. మా అమ్మకాడికి రావడానికి నేను వాళ్ళని గట్టిగా అడగనన్నా అడగలా. నిన్ను తిట్టుకుంటుంటే కాస్త తేలిగ్గా ఉండేది." ముక్కు చీదింది. "నిన్ను క్షమించలేను జ్యోతీ. అబద్ధమెందుకు. కాని నువ్వు చెప్పావు. వాడు దొరికిపోయాడు. రెండూ ఒకటి కాదు."

లేచి లోపలికి వెళ్తూ, "పులుసు నేను వడ్డిస్తాలే. నువ్వు కూకో," అంది.

చుట్టాలు వెళ్ళిపోయారు. అంకారావు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, "నలుగురిలో పరువు తీశావు," అన్నాడు. నాగజ్యోతి, "నాది కూడా తీసుకున్నా," అంది. ఆ తర్వాత ఆ విషయం ఇంట్లో మళ్ళీ రాలేదు. ఆయన మారాడని చెప్పడానికేమీ లేదు. కాకపోతే చనిపోయిన తల్లి గురించి చుట్టాలకి చెప్పేటప్పుడు ఇదివరకటంత పెద్దమనసు ఇప్పుడు చూపించడం లేదు.

స్కూల్లో అనీస్ పక్కన కూర్చుని నాగజ్యోతి అంతా చెప్పింది. అనీస్ ఓదార్చలేదు, తీర్పూ చెప్పలేదు. "షారోన్ మేడమ్ ఇప్పుడు ఆదివారాలు చేస్తోంది, మూడింటికే," అంది. "స్క్రీన్‌షాట్లు లేవు. ఇష్టమైన వాళ్ళే. లింకు పంపనా?"

నాగజ్యోతి చాలాసేపు ఆలోచించింది. మళ్ళీ అక్కడ కూర్చునే అర్హత తనకుందా? ఆ ప్రశ్నకి అవునని ఆమె లోపల ఎవరూ అనలేదు. అయినా, "పంపు," అంది.

ఆదివారం అన్నాలయ్యాక పాలు స్టవ్ మీద పెట్టి మంట సన్నం చేసింది. వెనక గది వైపు వెళ్ళలేదు. కుర్చీ తెచ్చి హాల్లోనే, కిటికీ పక్కన వేసుకుంది. టీవీ చూస్తున్న అంకారావు తల తిప్పి చూశాడు.

"మళ్ళీ మొదలెట్టావా?"

"ఇరవై నిమిషాలు. ఈలోపు ఏదన్నా అయితే మీరు చూడండి."

"ఏదన్నా అంటే?"

"ఏదన్నానే."

ఆయన టీవీ సౌండు కొంచెం తగ్గించాడు. ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. షారోన్ ఊపిరి గురించి చెబుతోంది. అత్తగారి మొహం కళ్ళ ముందుకొచ్చింది. నేల మీద, నీలం తిరిగిన పెదాలతో. నాగజ్యోతి ఆ మొహాన్ని తోసెయ్యలేదు. దాన్ని చూస్తూనే ఊపిరి పీల్చుకుంది.

అంతలో వంటింట్లోంచి సన్నటి చప్పుడు. గిన్నె అంచుకి ఎగబాకుతున్న పాలు.

"జ్యోతీ, పాలు పొంగుతున్నాయ్!" అన్నాడు అంకారావు, కుర్చీలోంచి కదలకుండా.

ఆమె కళ్ళు తెరిచి ఆయన వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. పాలు స్టవ్ మీద పడి చుయ్‌మన్నాయి. మాడు వాసన హాల్లోకి వచ్చింది. ఎంత పాలు పోయాయో, ఎంతసేపు తోమాలో, పక్కింటివాళ్ళకి కూడా వాసన వెళ్ళిందో ఏమో. చేతులు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి. కొంతసేపటికి ఆయన కుర్చీ కిర్రుమంది, గొణుగుడు, వంటింట్లోకి నడిచిన అడుగులు, ఏ బటన్ తిప్పాలో తెలియక తడుముకోవడం.

పెద్ద తప్పు చేస్తున్నట్టే ఉంది ఆమెకి. అయినా లేవలేదు.